పాయింట్ల నుంచి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ దాకా: ఒక నిప్పురవ్వ చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, పెన్షన్ లెక్కల గురించి, డీ.ఏ. బకాయిల గురించి రాసేవారు ఎలాగూ ఉన్నారు కదా, నేను నాకు తెలిసిన ఇంజను సంగతి రాస్తానన్నాను. వారు నవ్వి సరేనన్నారు. మనలో చాలామంది ఉద్యోగకాలం పెట్రోలు జీపుల్లో, అంబాసిడర్లలో, స్కూటర్ల మీద గడిచింది. వాటన్నిటి గుండెలోనూ ఒక చిన్న వస్తువు ఉండేది. దానినే మనం పాయింట్లు అనేవాళ్లం. "పాయింట్లు కాలిపోయాయి సార్" అనే మాట వినని ఉద్యోగి ఆ రోజుల్లో ఉండి ఉండడు. కొత్త కార్లలో ఆ వస్తువు లేదు. మన మనవలకు ఆ మాటే తెలియదు. అది ఎలా వచ్చింది, ఎందుకు పోయింది, పాత బండి ఉన్నవారు దానిని మార్చుకోవాలా వద్దా అన్నదే ఈ వ్యాసం. ఇందులో నా సొంత కథ కూడా కొంత ఉంది. దానికి పాఠకులు మన్నించాలి.

నిప్పు పుట్టే విధానం

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులోకి వస్తాయి. పిస్టన్ దానిని నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి. క్షణంలో వెయ్యో వంతు ముందు పడినా, వెనక పడినా బండి లాగదు. ఆ రవ్వ పుట్టడానికి వేల వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. మరి 12ను వేలు చేసేదెవరు?

ఈ కిటుకు 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుత్ ప్రేరణలో ఉంది. ఇగ్నిషన్ కాయిల్ లోపల ఇనుప ముక్కల చుట్టూ రెండు తీగలు చుట్టి ఉంటాయి. ఒకటి లావుది, కొద్ది చుట్లది. రెండోది వెంట్రుకంత సన్నది, వేల చుట్లది. లావు తీగలో బ్యాటరీ కరెంటు పారుతుండగా దానిని ఒక్కసారిగా తెంపేస్తే, సన్న తీగలో 15, 20 వేల వోల్టుల దెబ్బ పుడుతుంది. రవ్వ పుట్టేది కరెంటు పారినప్పుడు కాదు, తెగినప్పుడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా తేలికగా అర్థమవుతుంది.

ఆ తెంపే పని చేసేవే పాయింట్లు. డిస్ట్రిబ్యూటర్ మధ్యలో నాలుగు మూలలున్న ఒక ఇరుసు తిరుగుతుంటుంది. దాని మూల తగిలినప్పుడల్లా రెండు టంగ్‌స్టన్ బిళ్లలు విడిపోతాయి, మూల దాటగానే స్ప్రింగు వాటిని మళ్లీ కలుపుతుంది. పక్కనే వేలెడంత డబ్బా కండెన్సర్. బిళ్లలు విడిపోయేటప్పుడు కరెంటు వాటి మధ్య మంటై దూకకుండా, చటుక్కున తెగేలా చూడడం దాని పని. పైన రోటర్, మూత. అవి పుట్టిన రవ్వను 1-3-4-2 వరసలో నాలుగు ప్లగ్గులకూ పంచిపెడతాయి. రేషను షాపు డీలరు వరస తప్పకుండా పంచినట్లు అనుకోండి.

కెటరింగ్ గారి గొడ్లచావిడి

ఈ ఏర్పాటుకు రూపం ఇచ్చినవాడు చార్లెస్ కెటరింగ్. 1876లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగి. చేత్తో తిప్పే క్యాష్ రిజిస్టరుకు విద్యుత్ మోటారు అమర్చినవాడు ఆయనే. ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు, ఎడ్వర్డ్ డీడ్స్ అనే పై అధికారి ఇంటి వెనక ఉన్న చావిడిలో తోటి ఉద్యోగులతో కలిసి కారు ఇగ్నిషన్ మీద పని చేసేవాడు.

అప్పటికి కార్లలో రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి మాగ్నెటో. జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ 1902లో దానిని మెరుగుపరిచాడు. మంచిదే గాని ఖరీదు ఎక్కువ, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు రవ్వ బలహీనం. రెండోది కాయిల్ గజగజా వణుకుతూ వరసగా రవ్వలు కురిపించే పద్ధతి. డ్రై బ్యాటరీలు దాని దెబ్బకు తొందరగా అయిపోయేవి. కెటరింగ్ ఆలోచన సరళమైనది. పది రవ్వలెందుకు? సరైన సమయానికి ఒక్కటి, గట్టిది చాలు. 1909లో కాడిలాక్ కంపెనీ 8,000 సెట్లకు ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు కోసమే డెల్కో అనే కంపెనీ పుట్టింది. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో ఆ ఇగ్నిషన్ వచ్చింది. 1912 మోడల్‌కు సెల్ఫ్ స్టార్టరు కూడా ఆయనే ఇచ్చాడు. హ్యాండిల్ వేసి తిప్పే బాధ అక్కడినుంచి తగ్గుముఖం పట్టింది.

ఆఫీసు పని అయ్యాక గొడ్లచావిడిలో పుట్టిన ఆ ఏర్పాటు, పెద్ద మార్పు లేకుండా అరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా నడిచింది. మన దేశంలో మద్రాసులో 1961లో ఏర్పడిన లూకాస్ టీవీఎస్, బెంగళూరులో 1951లో ఏర్పడిన మైకో కంపెనీల పేర్లు మనకు పరిచయమే. 1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్‌లోనూ, 1974 నుంచి పద్మిని అనిపించుకున్న ఫియట్‌లోనూ, మన పెట్రోలు జీపుల్లోనూ ఉన్నది కెటరింగ్ పద్ధతే.

పాయింట్ల బలహీనత

నేను 1966లో ఉద్యోగంలో చేరినప్పుడు మాకొక పెట్రోలు జీపు ఉండేది. దాని డ్రైవరు గారు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. చదువు ఐదో తరగతి. క్యాంపులో సాయంత్రం పని లేనప్పుడు బానెట్టు ఎత్తి నన్ను పిలిచేవారు. "బాబుగారూ, ఇలా రండి, ఇది చూడండి" అంటూ ఫీలర్ గేజి చేతిలో పెట్టేవారు. పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు 15 థౌ ఉండాలి. అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, మిల్లీమీటరులో అర కంటే తక్కువ. గేజి రేకు అందులో గట్టిగా ఇరుక్కోకూడదు, వదులుగానూ పోకూడదు. "వెన్నలోంచి కత్తి లాగినట్లు రావాలి" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ శిక్షణ కేంద్రంలోనూ నేర్చుకోలేదు.

సందు ఎందుకు మారుతుంది? రెండు కారణాలు. పాయింట్ల మధ్య మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు తెగుతుంటుంది గనుక బిళ్లలు కొద్దికొద్దిగా కాలి, ఒకదాని మీద గుంట, ఇంకోదాని మీద బుడిపె ఏర్పడతాయి. ఇక, ఇరుసు మీద రాసుకుంటూ ఉండే ఫైబర్ మడమ అరిగిపోతుంది. మడమ అరిగితే సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, లాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పూర్తిగా అరిగితే పాయింట్లు అసలు విడిపోవు. అప్పుడు రవ్వే లేదు.

వాటి శ్రమ ఎంతో లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు రెండు రవ్వలు అడుగుతుంది. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుందనుకుంటే, పాయింట్లు సెకనుకు 80 సార్లు తెరుచుకోవాలి. హైదరాబాదు నుంచి విజయవాడకు నాలుగున్నర గంటలు అలా నడిస్తే సుమారు 13 లక్షల సార్లు. ఒక్క ప్రయాణానికి! అందుకే అయిదారు వేల కిలోమీటర్లకు ఒకసారి మూత తీసి చూడాలనేవారు. ఇరుసు మీద చిటికెడు గ్రీజు రాయాలి, గేజి పెట్టి సందు సరిచేయాలి. "బండి అడగదు బాబుగారూ, మనమే అడగాలి" అన్నది డ్రైవరు గారి మాట.

మునగాల దగ్గర ఒక రాత్రి

ఆ మాట నేను మరిచిపోయాను. 1984లో సెకండ్ హ్యాండులో 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 కొన్నాను. మొదట్లో శ్రద్ధగా చూసేవాణ్ణి. తర్వాత ప్రమోషను, పని ఒత్తిడి, పిల్లల చదువులు. "వచ్చే ఆదివారం చూద్దాం" అనుకుంటూ మూత తీసి ఏడాది దాటింది.

1987లో ఒక రాత్రి గుడివాడ దగ్గర మా ఊరి నుంచి ట్రంకాల్ వచ్చింది. అమ్మకు బాగా లేదు, వెంటనే బయలుదేరమని. నేనూ నా భార్యా కారులో బయలుదేరాం. సూర్యాపేట దాటే సరికే ఇంజను తడబడుతోంది. మునగాల దాటాక, పన్నెండున్నర ప్రాంతంలో ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. చేతిలో టార్చి లేదు, స్క్రూడ్రైవరు లేదు. ఎన్నో లారీలు ఆగాయి. ఆ డ్రైవర్లు మంచివాళ్లు, దిగి చూశారు. కానీ లారీలది డీజిల్ ఇంజను. డీజిల్ ఇంజనుకు ప్లగ్గూ లేదు, పాయింట్లూ లేవు. వాళ్ల దగ్గర మా బండికి పనికొచ్చే సామాను ఒక్కటీ లేదు. ఆడమనిషిని ఆ రోడ్డు మీద ఒంటరిగా వదిలి నేను లారీ ఎక్కలేను, కారు వదిలి ఇద్దరం వెళదామంటే ధైర్యం చాలలేదు.

తెల్లవారుతుండగా కోదాడ వైపు వెళ్లే ఒక టాక్సీ ఆగింది. ఆ అబ్బాయి మూత తీసి చూసి, "మడమ అరిగిపోయింది సార్, పాయింట్లు తెరుచుకోవడం లేదు" అన్నాడు. అగ్గిపెట్టె అట్ట చింపి మడత పెట్టి గేజిలా వాడి, స్క్రూ వదులు చేసి సందు పెట్టాడు. అంతా పది నిమిషాలు. డబ్బు తీసుకోలేదు. మేము ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. అమ్మ ఐదు గంటలకు పోయింది. బండి ఆగకపోతే నాలుగు గంటలకల్లా ఆమె మంచం పక్కన ఉండేవాణ్ణి. నా పేరు పిలిచిందని మా అక్కయ్య చెప్పింది.

చాలాకాలం ఆ పాయింట్లను తిట్టుకున్నాను. నిజానికి తప్పు వాటిది కాదు. అవి ఏడాదిగా కొద్దికొద్దిగా చెబుతూనే ఉన్నాయి. పొద్దున స్టార్టు కావడానికి మొరాయించడం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం అన్నీ అవి చెప్పిన మాటలే. వినని తప్పు నాది.

ట్రాన్సిస్టర్ రాక

ఇక చరిత్రకు వద్దాం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో ట్రాన్సిస్టర్ పుట్టింది. బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్లకు అది రేడియో రూపంలో వచ్చింది. ట్రాన్సిస్టర్ చేసే పని ఒకటే: చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును తెంపడం, కలపడం. రాసుకునేది లేదు, కాలేది లేదు. అయితే పాయింట్ల పని దానికెందుకు ఇవ్వకూడదన్న ఆలోచన ఇంజనీర్లకు సహజంగానే వచ్చింది.

ముందు పందెం కార్లు. వేగం పెరిగితే స్ప్రింగు పాయింట్లను తిరిగి కలిపేలోపే తర్వాతి మూల వచ్చేస్తుంది. 1962 నాటికి బ్రిటన్‌లో లూకాస్ కంపెనీ ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్ ఫార్ములా వన్ ఇంజన్లలోకి వచ్చింది. 1963లో అమెరికాలో పోంటియాక్ కార్లకు, కోరుకున్నవారికి, ఆ సౌకర్యం ఇచ్చారు. మొదటి రకాల్లో కొన్నిటిలో పాయింట్లు అలాగే ఉండేవి. అయితే వాటి మీద పారేది సైగకు సరిపడే చిన్న కరెంటే గనుక బిళ్లలు కాలేవి కావు. మడమ మాత్రం అరుగుతూనే ఉండేది. తర్వాతి మెట్టులో పాయింట్లు పూర్తిగా పోయాయి. వాటి స్థానంలో అయస్కాంతంతోనో, వెలుతురుతోనో ఇరుసు స్థానాన్ని కనిపెట్టే పరికరాలు వచ్చాయి. 1968లో ఇటలీ వారి ఫియట్ డీనో కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కంపెనీ నుంచే అమర్చి వచ్చింది. క్రైస్లర్ 1973లో, జనరల్ మోటార్స్ 1975లో తమ అమెరికా కార్లన్నిటికీ ఇచ్చాయి.

ఆ తొందరకు కారణం సౌకర్యం ఒక్కటే కాదు, పొగ. 1970లో అమెరికాలో గాలి కాలుష్య చట్టాన్ని కఠినం చేశారు. కొత్త కారు పొగ బాగుంటే చాలదు, 50,000 మైళ్లు నడిచాక కూడా హద్దులో ఉండాలన్నారు. అన్ని మైళ్లు పాయింట్లు ఒకేలా ఉండడం అసాధ్యం. పైగా 1975 నుంచి కెటాలిటిక్ కన్వర్టరు వచ్చింది. ఒక్క ప్లగ్గు మిస్సింగ్ కొట్టినా కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి దానిని మాడ్చేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు, సీసం లేని పెట్రోలు వచ్చాయి. 2000 సంవత్సరంలో సీసం పెట్రోలు దేశమంతటా నిలిచిపోయింది. ఆ దశాబ్దంతో పాయింట్ల కాలం కూడా ముగిసిందనే చెప్పాలి.

పాత బండికి కొత్త రవ్వ

2009లో అమెరికాలో ఉన్న మా పెద్దబ్బాయి సెలవుకు వస్తూ ఒక చిన్న పెట్టె తెచ్చాడు. పాత కార్లకు పాయింట్లు తీసి పెట్టుకునే ఎలక్ట్రానిక్ సామాను. "నాన్నగారూ, ఇంక గేజి, గరుకు కాగితం అవసరం లేదు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. డ్రైవరు గారు నేర్పిన విద్య అటకెక్కుతుందనిపించింది. నా భార్య ఒక్కటే అంది: "మునగాల గుర్తుందా?" మర్నాడే మార్చాం.

పని గంటలో అయింది. డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్ తీసి, పాయింట్లు, కండెన్సర్ విప్పేశాం. వాటి చోట అరచేతిలో సగమంత నల్లటి ముక్క బిగించాం. ఇరుసు మీద నాలుగు అయస్కాంతాలున్న ఉంగరం తొడిగాం. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా ఆ ముక్క కనిపెట్టి కరెంటు తెంపుతుంది. ఇది 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి కనిపెట్టిన సూత్రం. ఎర్ర తీగ కాయిల్ పాజిటివ్‌కు, నల్ల తీగ నెగెటివ్‌కు. రోటర్, మూత మళ్లీ పెట్టి, టైమింగ్ కొత్తగా సరిచూశాం. వేగాన్ని బట్టి టైమింగ్ జరిపే స్ప్రింగులు, బరువులు పాతవే. కాయిల్, ప్లగ్గులు పాతవే.

పాత బండి ఉన్న మిత్రులెవరైనా ఈ పని చేయిస్తే ఈ జాగ్రత్తలు పాటించండి.

ముందుగా బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. తీగలు తారుమారైతే కొత్త ముక్క క్షణంలో కాలిపోతుంది.

కాయిల్ నిరోధం సామానుతో వచ్చిన కాగితంలో చెప్పిన మేరకు ఉండాలి. తక్కువ నిరోధం కాయిల్‌తో కరెంటు ఎక్కువ పారి ముక్క వేడెక్కుతుంది.

ప్లగ్గులకు పోయే తీగలు ఉత్త రాగివి కాకుండా, నిరోధం ఉన్నవి వేయించండి. లేకపోతే రవ్వల అలజడి ఎలక్ట్రానిక్ ముక్కను కలవరపెడుతుంది.

ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచి కూర్చోకండి.

డిస్ట్రిబ్యూటర్ ఇరుసు బుష్ అరిగి ఊగుతుంటే ముందు దానిని బాగు చేయించండి. ఏ కొత్త సామానూ దానికి మందు కాదు. అలాగే మూతలోకి తడి చేరితే పాయింట్ల బండి ఎలా ఆగుతుందో ఎలక్ట్రానిక్ బండీ అలాగే ఆగుతుంది.

ఒక తేడా మాత్రం మరువకూడదు. పాయింట్లు చెప్పి చెడిపోతాయి. అగ్గిపెట్టె అట్టతో రోడ్డు మీద బాగవుతాయి. ఎలక్ట్రానిక్ ముక్క ఏళ్ల తరబడి నోరెత్తదు. పోయినరోజు మాత్రం చెప్పకుండా ఒక్కసారిగా పోవచ్చు, దానిని రోడ్డు మీద ఎవరూ బాగు చేయలేరు. అందుకే మా కారు డ్యాష్‌బోర్డు అరలో పాత పాయింట్లు, కండెన్సర్, స్క్రూడ్రైవరు, టార్చి ఒక గుడ్డసంచిలో ఉంటాయి. డ్రైవరు గారు తన రిటైర్మెంటు రోజున నాకిచ్చిన ఫీలర్ గేజి కూడా అందులోనే. ఆయన ఇప్పుడు లేరు.

చివరి మాట

అంబాసిడర్ ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. మా బండి ఇంకా నడుస్తోంది. మార్చిన తర్వాత ఇగ్నిషన్ వల్ల ఒక్కసారీ ఆగలేదు. చలికాలం పొద్దున కూడా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. నా చూపు తగ్గింది గనుక ఇప్పుడు మనవడు నడుపుతాడు. వాడికి ఒక ఆదివారం ఆ సంచి విప్పి, పాయింట్లంటే ఏమిటో, 15 థౌ అంటే ఎంతో చూపించాను. గేజి రేకు చేతిలో పెట్టి, వెన్నలోంచి కత్తి లాగినట్లు రావాలన్నాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. చివరికి, "ఇప్పుడు అది అవసరం లేదు కదా తాతయ్యా?" అని అడిగాడు.

అవసరం లేదు. అయినా నెలకోసారి బానెట్టు ఎత్తి చూడమని చెప్పాను. పాతదైనా, కొత్తదైనా బండి అడగదు, మనమే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ల సంగతీ అంతేనని వాడికి చెప్పలేదు. ఈ సంచిక చదివే పిల్లలకు మాత్రం చెబుతున్నాను.